వదిన చెప్పిన ఏడు నెలలకు

మా మనవరాలికి చెవులు వినపడవన్న సంగతిని ఆ ఇంట్లో మొట్టమొదట కనిపెట్టింది మా వియ్యపురాలు. ఆమె చెప్పిన ఏడు నెలలకు నేను నమ్మాను. నమ్మానని కూడా అనకూడదు. కాగితం మీద రాసి చేతికిస్తే, ఇక కాదనడానికి దారి లేక ఒప్పుకున్నాను. పసిబిడ్డకు ఏడు నెలలంటే ఎంత కాలమో తరవాత తెలిసింది. భాష ఒంటబట్టే కాలం అది. ఆ కాలాన్ని మా పాపకు కాకుండా చేసిన దాన్ని నేను. నలభై ఏళ్ళుగా మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తున్న దాన్ని.

నా కూతురూ అల్లుడూ మైలాపూరులో ఉంటారు. ఇద్దరివీ కంప్యూటరు ఉద్యోగాలు. అల్లుడి తల్లి వాళ్ళతోనే ఉంటుంది. వాళ్ళది నాలుగు తరాలుగా మద్రాసులో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. ఆమె మాట సగం నెల్లూరు, సగం తమిళం. నేను తెనాలి వైపు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చి, టి. నగర్‌లో కాపురం పెట్టి, బడిలో సైన్సు చెప్పి రిటైరైన దాన్ని. నా పదో ఏటి నుంచే మా నాన్న నన్ను చర్చా సభలకు వెంట తీసుకెళ్ళేవాడు. ఎదుటి మనిషి నోరు తెరవగానే ఆ వాదంలో బొక్క ఎక్కడుందో వెతకడం నాకు అక్కడే అలవాటైంది. మాట వినడం మాత్రం అక్కడ ఎవరూ నేర్పలేదు.

పాపను పగలు చూసుకునేది మేమిద్దరమే. పొద్దున స్నానం, పూజ, ఇడ్లీ ఆమె వంతు. పదింటికల్లా నేను బస్సు దిగి వెళ్ళేదాన్ని. బొమ్మలు, కథలు, మధ్యాహ్నం నిద్ర నా వంతు. ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం.

పాపకు ఎనిమిదో నెల రాగానే నా కూతురు ఫోనులో వీడియోలు చూసి ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టింది. ఇంకా మాటలు రాని పిల్లలకు చేతి సైగలు నేర్పడం. పిడికిలి మూసి తెరిస్తే పాలు. రెండు చేతుల వేళ్ళ కొసలు కలిపి తట్టితే ఇంకా కావాలని. అరచేతులు తిప్పి చూపిస్తే ఇక చాలని. నాలుక తిరగడానికి చాలా ముందే చేతులు తిరుగుతాయి కాబట్టి, కావలసింది చెప్పుకోలేక ఏడ్చే ఏడుపు పిల్లలకు తప్పుతుందని వాళ్ళ మాట. నాకు అది తెగ నచ్చింది. అందులో తాయెత్తు లేదు, దిష్టి లేదు. పాలు పట్టేటప్పుడల్లా పిడికిలి ఆడించాలి, నోటితో పాలు అనాలి. వందసార్లు చేస్తే నూటొకటోసారి బిడ్డ తిరిగి చేస్తుంది. సైన్సు టీచరుకు ఇంతకంటే ఏం కావాలి.

నిజంగానే చేసింది. ఒక మధ్యాహ్నం ఇడ్లీ ముద్ద అయిపోగానే పాప తన చిట్టి వేళ్ళ కొసలు రెండూ కలిపి తట్టింది. నేను గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను. పదకొండో నెలకు పన్నెండు సైగలు వచ్చాయి. ఫ్యానుకు వేలు పైకెత్తి తిప్పడం, కాకికి చేతులు ఆడించడం. ఒకటి తానే కల్పించుకుంది: వదిన కావాలంటే ముక్కు పక్కన వేలు పెట్టుకునేది, వదిన ముక్కుపుడక ఉన్న చోట. ఆ వయసులో మిగతా పిల్లలు ఇంకా అడ్డదిడ్డంగా ఏడుస్తుంటారు. మా పాప ఏడ్చేది కాదు. చూసేది. మన ముఖాన్నీ చేతులనూ గుచ్చి గుచ్చి చూసేది. అంత శ్రద్ధగా చూసే పిల్లను నేను నా ఉద్యోగంలో ఒక్కదాన్నీ ఎరగను. ఎందుకలా చూస్తుందని మాత్రం నన్ను నేను అడగలేదు.

వదినకు ఈ సైగలు మొదటి నుంచీ గిట్టలేదు. అంతా చేతులతోనే జరిగిపోతా ఉంటే బిడ్డ నోరెందుకు తెరుస్తుంది, మూగదైపోతుంది అని ఆమె భయం. వస కొమ్మును దీపం మీద కాల్చి, తేనెలో అరగదీసి పాప నాలుక మీద రాయడం మొదలుపెట్టింది. పసినోట్లో అది విషమవుతుందని పోట్లాడి మాన్పించాను. అప్పుడు శంఖం బయటికొచ్చింది. పూజలో ఉన్న శంఖంలో నీళ్ళు పోసి, ఒక పూటంతా ఉంచి, ఆ నీళ్ళు తాగిస్తే మాటలొస్తాయట. ఒకరోజు ఆమె ఉగ్గుగిన్నెతో ఆ నీళ్ళు పాప నోటి దగ్గర పెడుతుండగా నేను వెళ్ళాను. గిన్నె లాక్కుని నీళ్ళు సింకులో పారబోశాను. శంఖం నీళ్ళతో మాటలొచ్చేటట్టయితే సముద్రంలో చేపలన్నీ ఉపన్యాసాలు ఇవ్వాలి కదా అన్నాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నేను గెలిచినట్టే తిరిగాను.

పాపకు ఏడాది నిండిన వారమే అనుకుంటాను. నేను వెళ్ళేసరికి వదిన గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"వదినా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దండి. పొద్దున హారతి ఇస్తా గంట కొట్టినా. పాప ఈడ, నా పక్కనే కూర్చోనుంది. తిరగలే. నిన్న కూడా తిరగలే. బిడ్డకి చెవి వినపడతా ఉందా లేదా అని నాకు భయంగా ఉంది."

"మీ గంటకు తిరగలేదా? తెలివైన పిల్ల. పుట్టుకతోనే నాస్తికురాలు."

"తమాషాకి చెప్పటం లే వదినా."

తమాషాకు కాదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ నా జవాబు నాకు ఎంత ముద్దొచ్చిందంటే, నెలకోసారి ఒక మేడ మీది హాలులో కూడే మా హేతువాదుల సభలో ఆ మాటతోనే ఉపన్యాసం మొదలుపెట్టాను. హారతి గంట మోగినా తల తిప్పని మనవరాలు నాకుందని చెప్పాను. హాలంతా నవ్వింది. పాపను కూడా తీసుకెళ్ళాను. బల్ల మీద కూర్చోబెట్టి సైగలు చేయించాను. సీసా చూపిస్తే పిడికిలి, ఫ్యాను చూపిస్తే వేలు. మాట నోటి సొత్తు కాదు, మెదడు సొత్తు అని నేను ముగించగానే చప్పట్లు మోగాయి. పాప అటు తిరగలేదు. నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది. ముందు వరసలో ఒకాయన, ఎంత ఏకాగ్రతో చూశారా అన్నాడు. కళ్ళతో చూసిందే నమ్ముతామని చెప్పుకునే ముప్ఫైమంది ఉన్నారు ఆ హాలులో. ఒక్కరూ చూడలేదు. బల్ల పక్కన నిలబడి నేనూ చూడలేదు.

వదిన ఊరుకోలేదు. కుక్కరు కూత పెట్టినా బిడ్డ ఉలిక్కిపడటం లేదంది. స్టీలు పళ్ళెం కిందపడినా నిద్ర లేవలేదంది. రోజూ వినే చప్పుళ్ళకు పిల్లలు అలవాటు పడిపోతారన్నాను. ఆరో నెలలో అత్తత్త, తాతాత అంటా ఉండె, ఇప్పుడు ఆ శబ్దం కూడా లేదే అంది. చేతులతో పని జరుగుతున్నప్పుడు నోటితో ఊరికే గొణగవలసిన అవసరమేముంది అన్నాను. చేతులు నోటిని మూయవని అంతకు రెండు నెలల ముందు ఆమెతో వాదించింది నేనే. ఆమె మాట నేను అంటున్నాను, నా మాట ఆమెకు అక్కరలేకపోయింది. ఎదుటివాళ్ళ వాదంలో ఇలాంటి బొక్క ఉంటే ఎంత దూరం నుంచైనా పట్టుకునే దాన్ని.

పైగా నా దగ్గర సాక్ష్యం కూడా ఉండేది. ఆ ఇంటి వెనకాల వంతెన మీద రైలు పోతుంది. రైలు వచ్చేముందే పాప కిటికీ వైపు తిరిగి, కమ్మీలు పట్టుకుని ఎగిరేది. రైలు వినపడుతుంది గానీ గంట వినపడదా అని అడిగేదాన్ని. రైలు వస్తే నేల అదురుతుంది, కమ్మీలు అదురుతాయి, పాప అరికాళ్ళతోనూ అరచేతులతోనూ రైలును తెలుసుకునేదని ఇప్పుడు నాకు తెలుసు. కంపనాల పాఠం ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన దాన్ని నేను.

పరీక్ష కూడా చేశాను. అదే నాకు అన్నిటికంటే సిగ్గుచేటు. వదిన పోరు పడలేక ఒక సాయంత్రం పాప వెనక్కి వెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టాను. పాప తిరిగింది. చూశారా అన్నాను. వదిన, ఇంకొక తూరి కొట్టండి అంది. అక్కరలేదన్నాను. నా వెనక కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. నా నీడ పాప ముందు గోడ మీద చేతులు ఎత్తింది, దించింది. పాప ఆ నీడను చూసి తిరిగింది. ఎనిమిదో తరగతి పిల్ల ఇలాంటి ప్రయోగం రాసి తెస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, మళ్ళీ చెయ్యి, ఒక్కసారితో తేల్చకు అని రాసేదాన్ని. నాకు కావలసిన ఫలితం మొదటిసారే వచ్చింది కాబట్టి అక్కడితో ఆపాను.

ఎందుకు ఆపానో ఎన్నోసార్లు ఆలోచించాను. ప్రతిసారీ ఒకే జవాబు వచ్చింది. ఆ మాట అన్నది వస రాసిన చెయ్యి, శంఖం పట్టుకున్న చెయ్యి. ఆమె చూసినది నిజమని ఒప్పుకుంటే ఆమె నమ్మినదంతా నిజమని ఒప్పుకున్నట్టవుతుందని నాకు లోపల్లోపల భయం. ఆమె శంఖం ఒట్టిదే, ఇప్పుడూ అదే అంటాను. కానీ ఆమె కళ్ళు ఒట్టివి కావు. రోజంతా బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న మనిషి కళ్ళు అవి. ఈ రెండింటినీ విడదీసి చూడటమే హేతువాదం. నేను దాన్ని వేదిక మీద మాత్రమే చేశాను.

వదిన చివరికి కొడుకుతో చెప్పింది, కొడుకు నా కూతురితో చెప్పాడు. ఒకసారి చెవుల డాక్టరుకు చూపిద్దామా అమ్మా అని నా కూతురు నన్ను అడిగింది. నేను పరీక్ష చేశాను, ఏమీ లేదు అన్నాను. పుట్టిన ఆసుపత్రిలో చెవుల పరీక్ష జరగలేదు. అలాంటిది ఒకటి ఉంటుందని, అడగాలని మాకెవరికీ తెలియదు. తల్లి మాటా, అత్తగారి మాటా ఎదురెదురుగా వచ్చినప్పుడు దేన్ని నమ్మాలో నా కూతురికి నేను చిన్ననాటి నుంచే నేర్పి ఉన్నాను. అది నమ్మింది.

పంతొమ్మిదో నెలలో టీకాకు తీసుకెళ్ళినప్పుడు పిల్లల డాక్టరు, పాపకు ఎన్ని మాటలు వచ్చాయని అడిగాడు. ముప్ఫై దాకా వచ్చు అని నేనే ముందుకొచ్చి చెప్పాను, చేయించి చూపించబోయాను. సైగలు కాదమ్మా, నోటితో ఎన్ని అన్నాడు. ఒక్కటీ లేదు. అతను సొరుగులోంచి గిలక్కాయ తీసి పాప వెనక నిలబడి ఆడించాడు. కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు. నీడ పడకుండా, గాలి తగలకుండా, మూడుసార్లు. పాప ఒక్కసారీ తిరగలేదు.

వారం తిరక్కుండా పరీక్ష. పాపకు మందు తాగించి నిద్రపుచ్చి, నుదుటి మీద, చెవుల వెనక తీగలు అంటించారు. నేనూ, వదినా, నా కూతురూ గోడవారగా కుర్చీల్లో కూర్చున్నాం. పరీక్ష చేసిన అమ్మాయికి తెలుగు వచ్చు. రెండు చెవులకూ లోపం ఉందమ్మా, బాగా ఎక్కువగానే ఉంది అని నెమ్మదిగా చెప్పింది. తరవాత ఫారం తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇంట్లో మొదట అనుమానం వచ్చింది ఎవరికి, ఎప్పుడు అన్నది వాటిలో ఒకటి.

నా కూతురు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. పెన్ను ఆగి ఉంది.

"ఎవరికీ తెలియలేదమ్మా," అంది వదిన. "చేతులతో అన్నీ చెప్తా ఉండె కదా, మాకు అనుమానమే రాలే. ఇప్పుడు డాక్టరు చెప్తేనే."

ఆ అమ్మాయి అదే రాసుకుంది. నేను నోరు తెరవలేదు. సత్యం గురించి ఎన్ని పేజీలు నింపానో లెక్క లేదు. నా కళ్ళ ముందు నా కోసం ఒక మనిషి అబద్ధం చెబుతుంటే, దాని కింద తలదాచుకున్నాను.

ఇంటి ముందు ఆటో దిగాక నా కూతురు ఒక్క మాట అంది. "నువ్వు పరీక్ష చేశానన్నావు కదమ్మా." గట్టిగా కూడా అనలేదు. పాపను భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆపరేషను అయింది. చెవి వెనక యంత్రం పెట్టారు. ముందే తెచ్చి ఉంటే దారి ఇంకా సులువయ్యేదని డాక్టరు చెప్పాడు, దాచలేదు. చప్పుడు లోపలికి వెళుతుంది, కానీ ఏ చప్పుడు మాటో, ఏది చెంచా పడిన చప్పుడో పాప మెదడు మొదటి నుంచి నేర్చుకోవాలి. ఇప్పుడు పాపకు నాలుగో ఏడు నడుస్తోంది. నోటితో పదిపదిహేను మాటలు అంటుంది, అవి ఇంట్లోవాళ్ళకే తెలుస్తాయి.

దానితో పాటు అసలైన సైగల భాష కూడా నేర్పమన్నారు. శనివారాలు తరగతి. చెప్పేది తానూ వినపడని మనిషే, నా కూతురి వయసు ఉంటుంది. మొదటి రోజు నేను పాపకు నేర్పిన సైగలన్నీ ఆమెకు వరసగా చేసి చూపించాను. ఓపిగ్గా చూసింది. సైగలను మాటల్లోకి మార్చి చెప్పే అమ్మాయి ద్వారా ఆమె జవాబు విన్నాను. ఇవి వేరే దేశంవాళ్ళ సైగలట, వినపడే పిల్లలు మాటలొచ్చేదాకా వాడుకుని వదిలేసేవట. ఇక్కడివాళ్ళ భాష వేరు, దానికి వాక్యాలున్నాయి అంది. పాపకు నేను భాష నేర్పాననుకున్నాను. నేను నేర్పింది ముప్ఫై అవసరాలు. నిన్న ఏమైందో, రేపు ఎక్కడికి వెళదామో, దేనికి భయమేస్తోందో చెప్పుకునే వీలు వాటిలో లేదు. అవి ఉన్నాయన్న ధీమాతోనే ఏడు నెలలు నిద్రపోయాను.

చుట్టాల్లో కొందరు, దేవుణ్ణి తిట్టే అమ్మమ్మ పాపమే బిడ్డకు తగిలిందన్నారు. నా ఎదుటే అన్నారు. దానికి జవాబు నా దగ్గర లేక కాదు. వంశంలో దాగి ఉండి ఎప్పుడో పైకి తేలే లోపాల గురించి గంటసేపు చెప్పగలను. చెప్పడానికి నోరు రాలేదు. వాళ్ళ కారణం తప్పే, కానీ వాళ్ళు వేలెత్తి చూపిన మనిషి మాత్రం సరైన మనిషే.

వదినతో ఒకసారి ఎత్తాను. మీరు చెప్పిన రోజే నేను విని ఉంటే అని మొదలుపెట్టాను. ఆమె మల్లెపూలు కడుతోంది, చెయ్యి ఆపలేదు.

"విడండి వదినా, పోనీండి. నేను మాత్రం ఏం చేసినా? వస రాసినా, శంఖం నీళ్ళు తాపినా. బిడ్డని ఎత్తుకొని డాక్టరు ఆడికి నేనే పోయుండచ్చు కదా. మీరు చదువుకున్నోళ్ళు, మీరు లేదంటే లేదు అనుకుంటిని."

తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. పూజారి చెప్పాడని తల ఊపకండి, మీ కళ్ళను మీరు నమ్మండి అని ఎన్ని ఊళ్ళలో చెప్పాను. నా పక్కన కూర్చున్న మనిషి తన కళ్ళను నమ్మకుండా నా మాటకు తల ఊపింది. ఆ ఇంట్లో పూజారిని నేనే.

శనివారం తరగతుల్లో వదిన ఒక్కటీ మానలేదు. పూలు కట్టిన వేళ్ళు, మురుకులు చుట్టిన వేళ్ళు, ఇట్టే తిరిగాయి. తప్పు చేస్తే తానే నవ్వుకుని మళ్ళీ చేస్తుంది. ఆపరేషను బాగా జరిగింది దేవుడి దయ అని కొబ్బరికాయలు కూడా కొట్టి వచ్చింది, నేను వాదనకు దిగలేదు. నేను నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళేదాన్ని. కుడిచెయ్యి ఇలా, ఎడమచెయ్యి అలా అని మాటల్లో రాసుకునేదాన్ని. ఆ భాష అలా రాదు. తలెత్తి చూసేలోగా వాక్యం అయిపోతుంది. అందరి ముందూ తప్పు చెయ్యడం నాకు చేతకాదు, అరవై ఎనిమిదేళ్ళలో ఆ పని నేను చెయ్యలేదు. రెండుసార్లు మానేశాను. మూడోసారి చేరాను.

పోయిన వారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి పాప, వదినా కింద చాప మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. పాప చేతులు ఎంత వేగంగా తిరుగుతున్నాయంటే నాకు ఒకటీ అరా తప్ప అందలేదు. బడి, కుక్క, ఎవరో పడిపోవడం. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. ఏమిటన్నాను. బడిలో ఏందో జరిగిందంట వదినా, తరవాత చెప్తా అంది. సభల్లో వందలమందికి తమిళం నుంచి తెలుగు చేసి చెప్పిన దాన్ని, అర్థమైనట్టు నేనూ నవ్వాను. పాప నన్ను చూసింది. నాకు చేతనైన సైగ చేశాను, నువ్వు తిన్నావా అని. వేళ్ళు సరిగ్గా మడవలేదనుకుంటాను. పాప కాసేపు నా చేతులు చూసి, వదిన వైపు తిరిగి ఏదో అడిగింది. వదిన చేతులతో చిన్నగా ఏదో చెప్పింది.

"ఏమంటోంది?"

"ఏం లేదు వదినా."

"చెప్పండి."

వదిన కొంగు సర్దుకుంది. "అమ్మమ్మకి మాటలు ఎందుకు రావు అని అడగతా ఉంది. నేర్చుకుంటా ఉంది, వస్తాయి అని చెప్పినా."

పాప మళ్ళీ ఏదో అడిగింది. ఎప్పుడని అయి ఉంటుంది. వదిన చేతులు ఆడించి జవాబు చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలియలేదు. అడగలేదు.